ఆరు నిమిషాలకో అంకె

“నట్టు బిగించావా, లేదా?”

“బిగించే ఉంటానండీ.”

“ఉంటానంటే కుదరదమ్మా. బిగించావా?”

వైరింగమ్మ జనరేటర్లూ వైరింగూ చూసే మెకానిక్. తన షెడ్డులో, తన బల్ల ముందు, తన స్టూలు మీదే కూర్చుంది గానీ పరాయి ఇంటికి వచ్చిన మనిషిలా ముడుచుకుపోయింది. చేతిలో పదమూడో నంబరు స్పానరు ఉంది. మూడు రోజులుగా అన్నం తినేటప్పుడు కూడా దాన్ని కింద పెట్టడం లేదని ఆమె అత్తగారు చెప్పింది.

సంచీ డిటెక్టివ్ గోడ గడియారం చూశాడు. ఒంటిగంటా పది.

ఎక్కడికెళ్లినా భుజాన ఖాకీ గుడ్డ సంచీ ఉంటుంది గనక అందరికీ ఆయన సంచీ డిటెక్టివే. ఒకప్పుడు పోలీసు శాఖలో పనిచేశాడు. ఇప్పుడు ఎవరైనా వచ్చి తలుపు తడితే పనిచేస్తాడు. ఈసారి తట్టింది వైరింగమ్మ అత్తగారు. “మా కోడలు కూరలో ఉప్పు మరిచిపోతుంది, పొయ్యి మీద పాలు మరిచిపోతుంది, నన్ను కూడా అప్పుడప్పుడూ మరిచిపోతుంది. నట్టు మాత్రం మరిచిపోదు బాబూ” అని ఆవిడ పొద్దున్నే గుమ్మంలో నిలబడి చెప్పింది. చెప్పి, కళ్లు తుడుచుకుంది.

సంగతి చిన్నదే. షెడ్డు పక్కనున్న బండ్ల యార్డులో ఒక మోటర్‌హోమ్ ఆగి ఉంది. మంచం, పొయ్యి, ఏసీ, స్నానాల గది అన్నీ లోపలే ఉన్న ఇల్లులాంటి బండి. రిటైరైన బస్సు డ్రైవరొకాయన భార్యతో అందులోనే ఊళ్లు తిరుగుతున్నాడు. దాని వెనక భాగంలో, ఎడమ పక్క అరలో ఒక జనరేటరు బిగించి ఉంటుంది. మూడు రోజుల కిందట వైరింగమ్మ దానికి సర్వీసు చేసింది. మర్నాడు పొద్దున ఆరింటికి డ్రైవరాయన మంచం మీదే చచ్చిపడి ఉన్నాడు. పొగలోని విషవాయువు పీల్చి పోయాడని డాక్టర్లు రాశారు. జనరేటరు పొగగొట్టం అతుకుని పట్టి ఉంచే క్లాంపు వదులుగా ఉందని ఇన్‌స్పెక్టరు రాశాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే వైరింగమ్మ జైలు కనబడుతోంది.

ఇన్‌స్పెక్టరు రెండున్నరకు వచ్చి ఆమెను తీసుకుపోతానన్నాడు. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. అంటే చేతిలో ఉన్నది గంటా ఇరవై నిమిషాలు.

“మొదటినుంచీ చెప్పు. ఏం చేశావో, ఏ వరుసలో చేశావో.”

పని మాట ఎత్తేసరికి ఆమె గొంతు కాస్త గట్టిపడింది.

“మూడింటికి మొదలుపెట్టానండీ. పాత నూనె దించాను. కొత్త ఆయిల్ ఫిల్టరు వేశాను. బ్యాటరీ తీగల చివర్లు గీకి గ్రీజు రాశాను. తర్వాత అరగంట లోడు మీద నడిపాను. ఏసీ వేసి, నీళ్ల హీటరు వేసి. వోల్టేజీ నిలబడింది. అప్పుడు మీటరు చూసి ఫిల్టరు మీద అంకె రాశాను.”

“ఏ మీటరు?”

“గంటల మీటరండీ. ఇంజను నడిచినంతసేపే తిరుగుతుంది. మళ్లీ నూనె ఎప్పుడు మార్చాలో తెలియాలి గదా. కాగితం మీద రాస్తే పోతుంది. ఫిల్టరు మీద పెయింటుతో రాస్తే ఫిల్టరు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. మా నాన్న అలవాటు.”

“తర్వాత?”

“పొగగొట్టం అతుకు దగ్గర సన్నగా మసి కనబడింది. లోపల సందు మూసే గాస్కెట్ పోయింది. చల్లారేదాకా ఆగి, విప్పి, కొత్తది వేశాను. చుట్టూ పేస్టు పెట్టాను. క్లాంపు తొడిగాను. అప్పుడే...” చేతిలో స్పానరు ఆగిపోయింది. “అప్పుడే ఫోను మోగింది. అక్కడి నుంచి నాకు గుర్తు లేదు. తొడిగింది గుర్తుంది. బిగించింది గుర్తు లేదు. మూడు రోజుల నుంచీ అదే ఆలోచిస్తున్నానండీ. నేనే చంపానేమో ఆ మహానుభావుణ్ణి.”

“ఫోను చేసిందెవరు?”

గుమ్మం దగ్గర నుంచి అత్తగారు నెమ్మదిగా అంది. “నేనే బాబూ. గ్యాసు అయిపోయిందని.”

ఆవిడ పొద్దున కళ్లెందుకు తుడుచుకుందో డిటెక్టివ్‌కి అప్పుడు తెలిసింది.

“ఆ పేస్టు ఆరడానికి ఎంతసేపు పడుతుంది?”

“తెల్లారేసరికి పైన గట్టిపడుతుంది, పూర్తిగా ఆరడానికి ఒక రోజండీ. పచ్చిగా ఉండగా ఇంజను గంటలకొద్దీ నడిపితే వేడికి పొంగి బుడగలొస్తుంది. అందుకే స్టార్టు బటనుకి అట్టముక్క కట్టాను. ‘రేపు సాయంత్రం ఐదు దాకా ముట్టుకోవద్దు’ అని.”

డిటెక్టివ్ చూపు ఆమె మీద నిలిచిపోయింది. “ఈ అట్ట సంగతి ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?”

“ఆయన నట్టు సంగతే అడిగాడండీ.”

“డ్రైవరాయన నీ మాట వినే రకమేనా?”

“ముప్ఫై ఏళ్లు బస్సు తోలిన మనిషి. మెకానిక్ వద్దంటే బ్రేకు మీద కాలు కూడా పెట్టడు.”

“లోపల విషవాయువు అలారం ఉండాలి గదా?”

“అది పాతదైపోయి ఊరికే కూస్తోందని ఆయనే పీకేశాడు. కొత్తది మర్నాడు రావలసింది. ఆ మాట అనుకున్నప్పుడు ఆయన తమ్ముడు కూడా పక్కనే ఉన్నాడు.”

డిటెక్టివ్ సంచీ భుజాన వేసుకున్నాడు.

“పద. ఆ స్పానరు కూడా తీసుకురా. ఎలాగూ వదలవు గదా.”

*

ఒంటిగంటా ముప్పై అయిదు. మోటర్‌హోమ్ చుట్టూ పోలీసుల పసుపు టేపు వేలాడుతోంది. గేటు కాపలాదారు వెంట వచ్చి, టేపు ఎత్తి పట్టుకున్నాడు.

“ముట్టుకోవద్దన్నారు సార్.”

“ముట్టుకోను. చూస్తాను. చూడొద్దన్నారా?”

“అది అనలేదు సార్.”

జనరేటరున్న అర తలుపు కాపలాదారే తెరిచాడు. డిటెక్టివ్ మోకాళ్ల మీద కూర్చుని సంచీలోంచి టార్చి తీశాడు. పొడుగు పిడికి బిగించిన చిన్న అద్దం తీశాడు. పళ్ల డాక్టరు దగ్గర పాతది అడిగి తెచ్చుకున్న అద్దం అది.

ముందు బటను చూశాడు. అట్టముక్క లేదు. కానీ బటను వెనక మైనం పూసిన నల్లదారం ముక్క ఒకటి చుట్టుకుని ఉంది. చివర కత్తిరించినట్టుంది.

“నీ దారమేనా?”

“నాదేనండీ. నేను ప్లాస్టిక్ కట్లు వాడను. ఎండకి పెళుసెక్కి తెగిపోతాయి.”

తర్వాత ఫిల్టరు చూశాడు. తెల్ల పెయింటుతో అంకె ఉంది. దాని పైన మీటరు గాజులో ఇంకో అంకె ఉంది. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి అగ్గిపెట్టె మీద రెండూ రాసుకున్నాడు.

చివరికి క్లాంపు. దాని నట్టు లోపలి వైపు, గోడకేసి ఉంది. మామూలుగా వంగి చూస్తే కనబడదు. అద్దం లోపలికి పోనిచ్చి టార్చి వేశాడు.

“అమ్మా, నట్లు బిగించాక నువ్వు ఏదన్నా గుర్తు పెడతావా?”

“ఎర్ర పెయింటు గీత గీస్తానండీ. నట్టు మీద సగం, పక్కనున్న రేకు మీద సగం పడేలా. తర్వాత ఎప్పుడైనా నట్టు కదిలితే గీత విడిపోయి కనబడుతుంది.”

“బిగించకముందు గీస్తావా?”

“బిగించకముందు ఎందుకు గీస్తానండీ? బిగించాకే.”

“అయితే వంగి ఈ అద్దంలో చూడు.”

ఆమె వంగింది. చూసింది. నట్టు మీద ఎర్ర గీత ముక్క ఒకటుంది. రేకు మీద రెండో ముక్క ఉంది. కానీ ఒకటి తూర్పు, ఒకటి పడమర. నట్టును ఎవరో అర చుట్టు వెనక్కి తిప్పారు.

“నువ్వు బిగించావమ్మా” అన్నాడు డిటెక్టివ్. “నీకు గుర్తు లేదు. నీ చేతికి గుర్తుంది.”

వైరింగమ్మ అక్కడే నేల మీద కూలబడింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి స్పానరు కింద పెట్టింది. ఏడవలేదు. అరచేతులు రెండూ చీరకేసి గట్టిగా రుద్దుకుంది, అంతే.

డిటెక్టివ్ ఇంకా అద్దంలోనే చూస్తున్నాడు. అతుకు చుట్టూ పేస్టు ఎండిన మట్టిపెళ్లలా పగిలి ఉంది. ఎక్కడా సాగలేదు. ఎక్కడా పొంగలేదు.

*

రెండింటికి ఆయన పక్క బండి దగ్గరికి నడిచాడు. ఎన్ని అడుగులో లెక్కపెట్టాడు. ఆరు.

అది కారు వెనక తగిలించుకుని లాగే, లోపల పడుకునే వీలున్న ట్రైలరు. డ్రైవరాయన తమ్ముడిది. తమ్ముడు మడత కుర్చీలు కట్టగట్టి కారు డిక్కీలో సర్దుతున్నాడు. ట్రైలరు పక్కన కొక్కేనికి రెండు గొట్టాలు చుట్టి వేలాడుతున్నాయి. ఒకటి ఆకుపచ్చ నీళ్ల గొట్టం. రెండోది ముడతల ముడతల ఇనప గొట్టం, బెత్తెడు లావుంది.

“ప్రయాణమా?”

“అవునండీ. వదినకి జ్వరంగా ఉంది. ఇక్కడే ఉంటే ఆ బండి చూసి చూసి ఇంకా కుంగిపోతుంది. ఇన్‌స్పెక్టరు గారు వెళ్లొచ్చని సంతకం కూడా పెట్టారు.”

“ఆ రాత్రి సంగతి ఒకసారి చెప్పండి. టైములతో.”

“ఎన్నిసార్లు చెప్పాలండీ?”

“నాకు ఒక్కసారే.”

తమ్ముడు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “ఎనిమిదింటికి యార్డులో కరెంటు పోయింది. తొమ్మిదింటికి అన్నయ్య జనరేటరు వేసుకున్నాడు. ఏసీ లేకపోతే ఆయనకి నిద్ర పట్టదు. తెల్లవార్లూ మోగుతూనే ఉంది. ఆరింటికి కాఫీకి లేపుదామని వెళ్లాను. తలుపు కొట్టినా పలకలేదు. గేటు కాపలాదారుని కేకేశాను. అతను వచ్చేసరికి జనరేటరు మోగుతోంది, అతను చూస్తుండగానే నేను ఆపాను. అడగండి అతన్ని.”

“రాత్రి మధ్యలో ఆగలేదా?”

“ఒక్క క్షణం కూడా ఆగలేదు. నాకు నిద్ర పడితే గదా.”

“మీకు కూడా జనరేటరు ఉన్నట్టుంది?”

“చేత్తో పట్టుకెళ్లే పెట్టె జనరేటరు. ట్రైలరు ముందు డిక్కీలో పడుంటుంది. ఆ రోజు బయటికే తియ్యలేదు. కిటికీలు తీసుకుని పడుకున్నాను.”

ట్రైలరు తలుపు తెరుచుకుంది. డ్రైవరాయన భార్య రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఆ రాత్రి ఆవిడ తన చెల్లెలి ఇంట్లో ఉంది. అందుకే బతికింది.

“మీరేనా అన్నయ్యగారూ, ఆ పిల్ల తరఫున తిరుగుతున్నది? ఆ పిల్లని ఏమీ అననివ్వకండి. మా ఆయన దాని పని చూసి మురిసిపోయేవాడు.”

“అమ్మా, ఆయన ఈమధ్య దేనికైనా దిగులుపడ్డారా?”

“దిగులు కాదు. తేలికపడ్డాడు. బస్సు తోలే రోజుల నాటి పాత సంగతి, అన్నదమ్ములిద్దరిదీ, ఒకటి ముప్ఫై ఏళ్లూ కడుపులో దాచుకున్నాడు. చివరికి నాతో చెప్పాడు. నేను చెల్లెలి ఇంటి నుంచి తిరిగొచ్చాక ఇద్దరం ఆఫీసుకి వెళ్లి కాగితం మీద రాసిచ్చేద్దాం అన్నాడు.”

“ఏమిటా సంగతి?”

ఆవిడ మరిది వైపు చూసింది. “మా ఇంటి మాటలెండి. నాకూ మరిదికీ తెలుసు. మూడో మనిషికి తెలిసి ఇప్పుడు చేసేదేముంది?”

“వదినా, నువ్వు నిలబడకు” అన్నాడు తమ్ముడు. “వెళ్లి పడుకో. దారిలో ఉక్కపోయకుండా ఏసీ వేసి ఉంచుతాలే.”

తలుపు మూసుకుంది. యార్డు గేటు దగ్గర జీపు హారను మోగింది. ఇన్‌స్పెక్టరు పది నిమిషాలు ముందే వచ్చాడు.

*

“ఏం గురువుగారూ, సంచీ నిండిందా?”

ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఆయన కిందే పనిచేశాడు. ఫైలు ఎలా కట్టాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. అందుకే ఆయన ఎదట పడితే నవ్వకుండా ఉండలేడు.

“సగం నిండింది. మిగతా సగం నీ దగ్గరుంది.”

“నా దగ్గర వారెంటు ఉంది. ఏమ్మా, బయల్దేరదామా?”

“ముందు ఆ నట్టు చూడు” అన్నాడు డిటెక్టివ్. అద్దం చేతికిచ్చాడు.

ఇన్‌స్పెక్టరు తెలివితక్కువవాడు కాడు. వంగి, శ్రద్ధగా చూశాడు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

“ఎర్ర గీత. బాగుంది. మొన్నటి గీతని ఎవరన్నారు? ఆర్నెల్ల కిందటి సర్వీసులో గీసిందేమో. అప్పుడు బిగించింది, మొన్న మరిచిపోయింది. వకీలు మొదట అడిగేది అదే.”

“పేస్టు చూశావా? ఎండి పగిలింది. పచ్చిగా ఉన్నప్పుడే క్లాంపు వదులుగా ఉంటే సాగి బయటికి రావాలి. తొమ్మిది గంటలు వేడి తగిలితే పొంగాలి. ఈ అతుకుని పేస్టు గట్టిపడ్డాక ఎవరో కదిపారు.”

“పేస్టు సాక్ష్యం చెప్పదు గురువుగారూ. ఆ ఇంజను రాత్రంతా నడిచిందని మనిషి సాక్ష్యం చెప్పాడు. ఆరింటికి మోగుతుండగా ఈ కాపలాదారు కళ్లారా చూశాడు. ఏరా, చూశావా లేదా?”

“చూశాను సార్” అన్నాడు కాపలాదారు. “లోపల కూడా మంచుగడ్డలా చల్లగా ఉంది సార్. ఏసీ రాత్రంతా నడిచినట్టుంది.”

“విన్నారా?”

“విన్నాను. నువ్వు కూడా గుర్తుంచుకో. ఏసీ నడిచింది.” డిటెక్టివ్ అగ్గిపెట్టె తీసి చూపించాడు. “ఫిల్టరు మీద వైరింగమ్మ రాసిన అంకె మూడువందల పద్దెనిమిది పాయింట్ నాలుగు. సర్వీసు అయ్యాక రాసింది. ఇప్పుడు మీటరులో ఉన్న అంకె మూడువందల పద్దెనిమిది పాయింట్ అయిదు. పాయింట్ తర్వాత అంకె ఆరు నిమిషాలకి ఒకసారి తిరుగుతుంది. అంటే ఆమె చేయి తీశాక ఈ ఇంజను నడిచింది ఎంత లాగినా పన్నెండు నిమిషాలు. తొమ్మిది నుంచి ఆరు దాకా తొమ్మిది గంటలు. మిగతావి ఎక్కడికి పోయాయి?”

ఇన్‌స్పెక్టరు నవ్వు కాస్త తగ్గింది. కానీ పోలేదు.

“మీటరు చెడిపోయింది.”

“నడిపి చూద్దాం.”

“అది సాక్ష్యం. ముట్టుకోవడానికి లేదు.”

“నువ్వే ముట్టుకో. బటను నువ్వే నొక్కు. మీటరు తిరగకపోతే నేను ఈ కేసులో నోరెత్తనని కాగితం రాసిస్తాను.”

“సంతకంతో?”

“వేలిముద్రతో కూడా.”

ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. రెండూ ముప్పై ఒకటి. “మీరు నోరెత్తకుండా ఉండడం నేనింతవరకు చూడలేదు. అది చూడటానికైనా నొక్కుతాను” అని బటను నొక్కాడు.

ఇంజను దగ్గి, అందుకుంది. యార్డంతా హోరెత్తింది. వదులు క్లాంపు సందులోంచి పొగ కక్కింది. అందరూ గాలి వచ్చే వైపు తప్పుకుని, మీటరు గాజు కేసి చూస్తూ నిలబడ్డారు. ఎదురుగా ఉన్న మనిషి మాట వినాలంటే అరవాల్సి వస్తోంది.

రెండు నిమిషాలు. అంకె కదల్లేదు.

“కాగితం తీయమంటారా?” అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

వైరింగమ్మ పెదాలు కదుపుతూ సెకన్లు లెక్కపెడుతోంది.

రెండూ ముప్పై నాలుగుకి అయిదు నెమ్మదిగా పైకి జరిగి ఆరు వచ్చి కూర్చుంది.

“ఒకసారి తిరిగింది” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “అదురుకి కూడా తిరగొచ్చు.”

“అయితే ఇంకో ఆరు నిమిషాలు ఉందాం.”

ఉన్నారు. ఆ ఆరు నిమిషాల్లో ఇన్‌స్పెక్టరు రెండుసార్లు జీపు వైపు చూశాడు, ఒకసారి వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాడు. గేటు దగ్గర ఎవరో పిలిస్తే కాపలాదారు పరిగెత్తి వెళ్లి, మళ్లీ వచ్చాడు. డిటెక్టివ్ కళ్లు మాత్రం గాజు మీంచి కదల్లేదు. రెండూ నలభై. ఆరు పోయి ఏడు వచ్చింది. ఒక్క సెకను అటూ ఇటూ లేదు.

“ఆపు” అన్నాడు డిటెక్టివ్.

హోరు ఆగింది. చెవుల్లో గుయ్‌మనే చప్పుడు మిగిలింది.

ఇన్‌స్పెక్టరు జేబు రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు. “అయితే ఆ రాత్రి ఇది నడవలేదంటారు.”

“పొద్దున నడిచింది. కాపలాదారు వచ్చి చూడటానికి ఎంతసేపు కావాలో అంతసేపు. తమ్ముడు అట్ట దారం కత్తిరించి, క్లాంపు వదులు చేసి, బటను నొక్కి, అప్పుడు కేకేశాడు.”

“ఏసీ నడిచింది గదా? లోపల చల్లగా ఉంది గదా? యార్డులో కరెంటు మర్నాడు పదింటికి గాని రాలేదు. మరి ఏసీ దేనితో నడిచింది?”

“ఇప్పుడు సరైన ప్రశ్న అడిగావు. నీ ఫైలులో ఫోటోలున్నాయి గదా. లోపలి స్విచ్‌బోర్డు ఫోటో తియ్యి.”

ఇన్‌స్పెక్టరు ఫైలు విప్పాడు. తొమ్మిదో ఫోటో. శవాన్ని తియ్యకముందు, ఎవరూ ఏమీ ముట్టుకోకముందు తీసింది. తలుపు పక్క గోడకి చిన్న బోర్డు, దాని మధ్య నల్లటి పిడి.

“ఇదేమిటో సార్‌కి చెప్పమ్మా.”

వైరింగమ్మ ఫోటో అందుకుంది. “చేంజోవర్ స్విచ్ సార్. దీనికి మూడు చోట్లున్నాయి. ఎడమకి తిప్పితే బండిలోని జనరేటరు. మధ్యలో ఉంటే ఏదీ లేదు. కుడికి తిప్పితే బయటి నుంచి కేబులు ద్వారా వచ్చే కరెంటు. రెండు కరెంట్లు ఒకదానికొకటి తగిలితే జనరేటరు కాలిపోతుంది, ఒక్కోసారి మనిషి కూడా పోతాడు. అందుకని ఒకటి తెగితే గాని రెండోది కలవకుండా పెడతాం. చాలామంది ఆటోమేటిక్‌ది పెట్టించుకుంటారు. నాకు దాని మీద నమ్మకం లేదు. చేత్తో తిప్పేదే పెడతాను.” ఆమె మళ్లీ ఫోటో చూసింది. “సార్, పిడి కుడికి ఉంది.”

“అంటే?”

“బండిలోని జనరేటరు వందసార్లు మోగినా ఏసీకి చుక్క కరెంటు రాదు సార్. కరెంటు బయటి నుంచి వచ్చింది.”

“బయట స్తంభంలో కరెంటు లేదు” అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా.

“లేదు” అన్నాడు డిటెక్టివ్. “డ్రైవరాయన నీ అట్టముక్క మాట విన్నాడమ్మా. జనరేటరు ముట్టుకోలేదు. ఆరడుగుల అవతల తమ్ముడి పెట్టె జనరేటరు ఉంటే, దానికి కేబులు తగిలించుకుని, పిడి కుడికి తిప్పి నిద్రపోయాడు. తమ్ముడి ట్రైలరులో ఆటోమేటిక్ స్విచ్ ఉండుంటుంది. చేత్తో తిప్పేది ఒకటి ఉంటుందనే ఆలోచనే అతనికి రాలేదు. పొద్దున కేబులు పీకేశాడు, పిడి వదిలేశాడు.”

ఆయన మోటర్‌హోమ్ కుడి పక్కకి నడిచాడు. జనరేటరు లేని పక్క. ట్రైలరు వైపున్న పక్క. నేల మీద పడుకుని అద్దం కిందికి తోశాడు. మంచం కింద గాలి ఆడటానికి నేలలో పెట్టిన జల్లెడ రేకు కనబడింది. దాని చుట్టూ నల్లగా, గుండ్రంగా మసి ఉంది. పళ్లెం అంచు గీసినట్టు. బెత్తెడు వెడల్పు.

“ఇటు పక్క పొగగొట్టం ఏదీ లేదు గదమ్మా?”

“లేదండీ. ఎందుకుంటుంది?”

డిటెక్టివ్ లేవబోయి ఆగిపోయాడు. బెత్తెడు వెడల్పు. ముడతల ముడతల ఇనప గొట్టం. ఒక కొస తమ్ముడి జనరేటరు పొగకి, రెండో కొస ఈ జల్లెడకి. ఆయన తల తిప్పి అటు చూశాడు.

ట్రైలరు లేదు.

నేల మీద చక్రాల గుర్తులున్నాయి. కొక్కెం ఉన్న చోట ఖాళీ. ఆకుపచ్చ నీళ్ల గొట్టం నేల మీద పడి ఉంది. రెండోది లేదు. దాని పక్కనే డ్రైవరాయన భార్య చెప్పులు జోడుగా ఉన్నాయి. పడుకున్న మనిషి చెప్పులు లోపల పెట్టడం ఎవరికీ గుర్తురాలేదు.

“ఎప్పుడెళ్లారు?” డిటెక్టివ్ గొంతు విని కాపలాదారు బెదిరిపోయాడు.

“ఇందాకే సార్. మీరు మీటరు చూస్తున్నారు గదా, అప్పుడు. గేటు తియ్యమంటే తీశాను. రెండూ ముప్పై ఎనిమిదికి. పుస్తకంలో రాశాను. ఈ హోరులో మీకు వినబడలేదు.”

“ఆవిడ ఎక్కడుంది? కారులోనా?”

“లేదు సార్, వెనక ట్రైలరులోనే పడుకుంది. దుమ్ము పడుతుందని ఆయనే కిటికీలన్నీ బిగించి, తలుపుకి బయట గడియ పెట్టాడు.”

“ఏసీ?”

“వేసే ఉంది సార్. ముందు డిక్కీలో జనరేటరు మోగుతూనే ఉంది.”

ఇన్‌స్పెక్టరు ముఖం పాలిపోయింది. “గురువుగారూ, వెళ్లొచ్చని సంతకం పెట్టింది నేను.”

“హోరు పెట్టించింది నేను. తర్వాత కూర్చుని ఇద్దరం ఏడుద్దాం. జీపు తియ్యి.”

ఇన్‌స్పెక్టరు పరిగెత్తాడు. వారెంటు కాగితం ఫైలులోంచి జారి నేల మీద పడింది. దాన్ని ఎవరూ తియ్యలేదు. వైరింగమ్మ మాత్రం వంగి తన స్పానరు తీసుకుంది.

“నువ్వెక్కడికి?” అన్నాడు ఇన్‌స్పెక్టరు స్టీరింగు ముందు కూర్చుంటూ.

“ఆ రకం పెట్టె జనరేటరుకి పెట్రోలు ఎక్కడ కట్టెయ్యాలో మీకు తెలుసా సార్?”

ఇన్‌స్పెక్టరు వెనక తలుపు తెరిచాడు. జీపు గేటు దాటి రోడ్డు మీదికి దూకింది. డిటెక్టివ్ సంచీ ఒళ్లో పెట్టుకుని వాచీ చూశాడు.

రెండూ నలభై ఆరు. మూసిన ట్రైలరులో ఎనిమిది నిమిషాలు. ఒక అంకె అప్పటికే తిరిగిపోయింది. రెండోది తిరుగుతోంది.